పగడానికి సున్నపు తేట

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివానన్న సంగతి మా ఇంట్లో పదిహేనేళ్ళపాటు ఎవరికీ అవసరం పడలేదు. చారులో ఉప్పు ఎక్కువైన రోజున మాత్రం అందరికీ గుర్తొచ్చేది. ఎనభైల మొదట్లో ఒక వానాకాలం, కాకినాడలో మేం అద్దెకున్న ఇంటి వరండాలో, పిడికెడంత రాయి కోసం ఆ చదువును దులిపి బయటికి తీశాను.

రాయి అంటే మా మరిదికి కోపం. అది బతికున్న పగడం. ఓడలో పనిచేసే అతను దాన్ని అండమాన్ నుంచి బకెట్లో పెట్టుకుని, దారి పొడవునా నీళ్ళు మారుస్తూ తెచ్చి అన్నగారికి కానుకగా ఇచ్చాడు. మా అత్తగారు తన మెడలోని పగడాల దండని, తేనెపట్టులా గుంటలు పడ్డ ఆ గోధుమరంగు ముద్దని మార్చి మార్చి చూసి, పిల్లవాణ్ణి ఎవరో మోసం చేశారని తేల్చారు. కానీ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ గుంటల్లోంచి సన్నటి వేళ్ళలాంటివి బయటికొచ్చి నీళ్ళలో ఆడుతుంటే, ముందుగా కుర్చీ తెచ్చుకుని కూర్చున్నది ఆవిడే. బకెట్లో మిగిలిన నీళ్ళని సీసాలో పోసి దేవుడి గదిలో పెట్టుకున్నారు కూడా.

మావారు బ్యాంకులో గుమాస్తా. లెక్క తప్పనివ్వని మనిషి. ఇంట్లో ఉన్న గాజు తొట్టిలోని బంగారు చేపల్ని ఎవరికో ఇచ్చేసి, ప్రతి ఆదివారం సైకిలుకి ప్లాస్టిక్ క్యాను కట్టుకుని వెళ్ళి సముద్రపు నీళ్ళు తెచ్చేవారు. తెచ్చిన నీళ్ళలో పాలు చూసే లాక్టోమీటరు ముంచేవారు. మంచి సముద్రపు నీళ్ళలో అది ఇరవై అయిదు దగ్గర నిలుస్తుందట. దానితో మా పాలవాడిని ఏడిపించింది చాలక, ఇప్పుడు సముద్రాన్ని కూడా పరీక్షకు నిలబెట్టారు.

వేసవంతా పగడం బాగానే ఉంది. భాద్రపదంలో జబ్బు పడింది. సాయంత్రమైనా వేళ్ళు బయటికి రావడం మానేసింది. అంచుల్లో కండ వెనక్కి తగ్గి, కింద ఎముకలాంటి తెలుపు బయటపడింది.

పక్కింట్లో కాలేజీలో జువాలజీ చెప్పే మాష్టారు ఉండేవారు. ఆయన వచ్చి చూసి, ఇది ఇళ్ళలో బతికే ప్రాణి కాదనీ, పూర్తిగా కుళ్ళకముందే తనకిస్తే ఫార్మలిన్‌లో వేసి మ్యూజియంలో పెడతాననీ అన్నారు. ఉత్త ఎముకలు వాళ్ళ దగ్గర ఉన్నాయట, కండతో ఉన్నది కావాలట. మర్నాడే బిగుతు గాజు మూత ఉన్న కొత్త జాడీ ఒకటి పంపారు. దానిమీద పగడం పేరు రాసిన చీటీ కూడా అంటించేశారు. మావారు డీలాపడి, వచ్చే ఆదివారం తీసుకెళ్ళమన్నారు. ఊపిరి ఉన్న దానికి జాడీ కొలతలు చూడటం నాకు నచ్చలేదు. ఆ మాట ఇద్దరి మొహాలమీదే చెప్పాను.

తప్పెక్కడుందో నాకు వంటింట్లో దొరికింది. కళ్ళుప్పు డబ్బా ఎన్నడూ లేనంత తొందరగా ఖాళీ అవుతోంది. అడిగితే మావారు నిదానంగా చెప్పారు. గోదావరికి వరదొచ్చి ఆ ఎర్రనీళ్ళన్నీ ఇక్కడి సముద్రంలో కలిసి, నీళ్ళు పలచబడ్డాయట. లాక్టోమీటరు పద్నాలుగే చూపిస్తోందట. అందుకని ఇరవై అయిదు వచ్చేదాకా ఉప్పు వేస్తున్నారట.

"మన పాలవాడు నీళ్ళు కలిపి, ఆనక పంచదార వేసి లాక్టోమీటరు అంకె సరిచేస్తే మీరు ఊరుకుంటారా?" అన్నాను.

"ఉప్పు కూడా సముద్రంలోదే కదే," అన్నారాయన.

అక్కడే ఉంది తిరకాసు. ఉప్పు మళ్ళలో సముద్రపు నీళ్ళు ఎండేటప్పుడు సున్నం సరుకు ముందుగా అడుగున దిగిపోతుంది. ఉప్పు ఆ తర్వాత పేరుతుంది. మనం కూరలో వేసుకునేది దాన్ని. పగడం తన ఇల్లు కట్టుకునేది ఉప్పుతో కాదు, సున్నంతో. తొట్టి నీళ్ళకి బరువు వచ్చింది గాని బలం రాలేదు. ఇదంతా చెప్తే ఆయన లాక్టోమీటరు వంక చూశారు, అది వచ్చి తన తరఫున మాట్లాడుతుందేమోనని.

రుజువు చేసి తీరాలనుకున్నాను. మాష్టారిని మందు చుక్కచుక్కగా వదిలి కొలిచే బ్యూరెట్టూ, నీళ్ళలో సున్నం, అంటే కాల్షియం, ఎంతుందో చెప్పే మందులూ అడిగాను. తెచ్చిచ్చారు గాని, "చెల్లెమ్మగారూ, పులుసు కొలవడానికా అండీ?" అని అడక్కుండా ఉండలేకపోయారు. పులుసైతే నాలుకతోనే కొలుస్తానని చెప్పి తీసుకున్నాను.

సరైన నీళ్ళతో పోల్చి చూడాలి కదా. అలాంటివి ఇంట్లో ఉన్నది దేవుడి గది సీసాలోనే. అత్తగారు గొణుక్కుంటూ ఒక గరిటెడు పోశారు. పదిహేనేళ్ళ తర్వాత బ్యూరెట్టు పట్టుకుంటే మొదటిసారి మందు ఎక్కువ పడి రంగు దాటిపోయింది. రెండోసారి కుదిరింది. రంగు మారడానికి ఆ సీసా నీళ్ళకి ఎంత మందు పట్టిందో, తొట్టి నీళ్ళకి అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. మావారు తానే ఇంకోసారి చేసి చూశారు. అంకె మారలేదు. ఆ పూట భోజనంలో ఉప్పు ప్రస్తావన ఎవరూ తేలేదు.

వరద తగలని నీళ్ళు కావాలంటే లోపలి సముద్రం నుంచి పడవల వాళ్ళు తేవాలి. సరిగ్గా ఆ వారమే తుపాను హెచ్చరిక వచ్చి వేట ఆగిపోయింది. ఆదివారానికి నాలుగు రోజులుంది.

అప్పుడు అత్తగారు ఆకుకి సున్నం రాసుకుంటూ కనిపించారు. సముద్రపు గుల్లలు కాల్చి చేసిన సున్నం. సముద్రంలోంచి వచ్చినదాన్ని మళ్ళీ సముద్రపు ప్రాణికివ్వడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదనిపించింది. మాష్టారి జాడీ కడిగి, అందులో సున్నం కలిపి, మూత బిగించి తేరనిచ్చాను. గాలి తగిలితే సున్నపు తేట మీద మీగడ కట్టి పాడవుతుంది. ఆ పనికి అంతకంటే మంచి పాత్ర మా ఇంట్లో లేదు.

మాష్టారికి తెలిసి పరిగెత్తుకొచ్చారు. "చెల్లెమ్మగారూ, సున్నం పోస్తే దాన్ని మీ చేత్తో చంపినట్టే అండీ."

"మీరు ఫార్మలిన్ పోస్తే బతుకుతుందా మాష్టారూ?" అన్నాను.

ఆయన భయంలో నిజం లేకపోలేదు. ఒక్కసారిగా పోస్తే ఉడికిపోతుంది. అందుకని కొత్త సెలైన్ గొట్టం ఒకటి కొనుక్కొచ్చి, తేటను చుక్కచుక్కగా వదిలాను. తెల్లవారుజామున మొదలుపెట్టి, గంటకోసారి తొట్టి నీళ్ళు కొంచెం తీసి, సున్నం ఘాటు చూపే రంగు మందు వేసి చూసేదాన్ని. లేత గులాబీ దాటుతుందనిపిస్తే గొట్టం బిగించేదాన్ని. అత్తగారు కాపలా కూర్చుని చుక్కలు లెక్కపెట్టేవారు. "మా పిల్లలకి అరగనప్పుడు నేనూ ఈ తేటే పట్టేదాన్ని, నువ్వేదో కొత్తగా కనిపెట్టినట్టు," అన్నారు. కాదనలేకపోయాను. నేను కాదనలేని సందర్భాలు తక్కువే.

మూడు రోజులు ఏమీ జరగలేదు. కండ అంతకు మించి తగ్గలేదన్నదొక్కటే ఆశ.

ఆదివారం సాయంత్రం మాష్టారు బకెట్ పట్టుకుని వచ్చారు. మావారు తల వంచుకుని తొట్టి దగ్గరికి నడిచారు. అప్పటికే కుర్చీలో కూర్చున్న అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండరా, అది చేతులు చాపుతోంది."

ఒక గుంటలోంచి, తర్వాత పక్క గుంటలోంచి, ఆ సన్నటి వేళ్ళు బయటికొచ్చాయి. చీకటి పడేసరికి సగం పగడం విచ్చుకుంది. మావారు నావైపు చూసి, "నువ్వు గట్టిదానివే," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాకిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే. యూనివర్సిటీ ఇచ్చినదాని కంటే దాన్నే జాగ్రత్తగా దాచుకున్నాను.

మంగళవారం పడవలు వెళ్ళాయి, లోపలి సముద్రపు నీళ్ళు వచ్చాయి. పగడాన్ని బతికించింది ఆ నీళ్ళేనని మాష్టారు చాలాకాలం వాదించారు. ఆదివారానికీ మంగళవారానికీ తేడా తెలియనివాళ్ళు పిల్లలకి పాఠాలెలా చెప్తున్నారని నేనూ అంతే కాలం అడిగాను.

వేసవి వచ్చేసరికి తెల్లబడ్డ అంచుమీదికి కండ పాకి, దాన్ని దాటి కొత్త గుంటలు పుట్టాయి. అప్పుడు మాష్టారే తన విద్యార్థుల్ని మా వరండాకి తీసుకొచ్చి, సున్నం సంగతి నా చేతే చెప్పించారు. ఆ పిల్లల ముందు గంటసేపు మాట్లాడాను. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

వెళ్ళేటప్పుడు మెట్లమీద ఆగి, తన జాడీ ఇప్పించమన్నారు. వాడకంలో ఉంది, ఇవ్వడం కుదరదన్నాను. ఆయన అంటించిన చీటీ ఇంకా దానిమీదే ఉంది. లోపల అడుగున తెల్లటి సున్నం, పైన తేట.