రెండు లేఅవుట్లు, ఒక గొడుగు

మా ఊళ్ళో నన్ను చూసి నవ్వనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకరు మా ప్రిన్సిపాల్ గారు, ఆయన దేనికీ నవ్వరు. రెండోది మా మంగక్క, ఆవిడ నవ్వే దశ దాటిపోయి జాలిపడే దశకి వచ్చింది. పదేళ్ళ కిందట నేను వెలగబెట్టిన ఘనకార్యం అలాంటిది. ఒక మామూలు నల్ల గొడుగు మనిషి పరువుని నిట్టనిలువునా ఎలా తీస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్ళు చదవండి. గొడుగు లేనివాళ్ళు కూడా చదవచ్చు.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. కడియం దగ్గర ఓ చిన్న పట్టణంలో జూనియర్ కాలేజీ బోటనీ లెక్చరర్ని. మున్సిపాలిటీ వాళ్ళు పట్టణ ప్రణాళికా సలహా సంఘమని ఒకటి వేసి, ఏడుగురు సభ్యుల్లో నన్నొకణ్ణి చేశారు. మొక్కల సంగతి తెలిసినవాడు ఒకడుండాలని నన్ను తీసుకున్నారట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

సభ్యుడి బాధ్యతలు చెప్పే చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. ఊరు ఎటు పెరగాలి, రోడ్డు ఎంత వెడల్పుండాలి, మురుగు ఎటు పోవాలి, కొత్త లేఅవుట్ వేసేవాళ్ళు పార్కుకి జాగా వదిలారా లేదా, చుట్టుపక్కల జనం అభ్యంతరాలేంటి, ఇవన్నీ చూసీ వినీ మేం అభిప్రాయం రాయాలి. దాన్నిబట్టి ఆఫీసు నిర్ణయం తీసుకుంటుంది. "సభ్యులు స్థలమును స్వయముగా చూడవలెను" అన్న వాక్యం కింద నేను ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను. అక్కడితో తృప్తిపడి పుస్తకం మూసేశాను.

ఆ నెలంతా నా నడకే మారిపోయింది. సెంటర్లో నిలబడి రోడ్డుని కళ్ళతోనే కొలుస్తుంటే, టీ కొట్టాయన ఎందుకైనా మంచిదని బల్ల లోపలికి జరుపుకునేవాడు.

మొదటి పని స్థలాల వ్యాపారి వీర్రాజు గారి లేఅవుట్. కాలవకి ఇటుపక్క ఆయనదొకటి, అటుపక్క ఇంకొకటి, రెండూ అనుమతి కోసం ఎదురుచూస్తున్నాయి. మా అక్కకి మొదటిదాని మీద కన్నుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. రోజూ నడవమని డాక్టరు చెప్పారు. ఆవిడున్న సందులో ఒకపక్క మురుగు కాలవ, ఇంకోపక్క మోటారు సైకిళ్ళు, మధ్యలో పిల్లి నడవాలన్నా ఆలోచించుకోవాలి. పార్కు ఎదురుగా స్థలం కొనుక్కుని, చిన్న ఇల్లు కట్టుకుని, పొద్దున్నే చెట్ల కింద నడవాలని ఆవిడ కోరిక.

"ఒరేయ్ బాబ్జీ, నువ్వెలాగూ వెళ్తున్నావుగా. పార్కు ఉందో లేదో సరిగ్గా చూసి చెప్పు. నువ్వు ఉందంటే కొంటాను" అంది.

నేను గొడుగు వేసుకుని బయల్దేరాను. ఆ గొడుగు అంచున అక్క ఎర్ర దారంతో నా పేరు కుట్టింది. ఏ వస్తువైనా సరే నేను పారేసుకుంటానని ఆవిడ నమ్మకం.

వీర్రాజు గారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. "రండి మేష్టారూ, రండి! ఎండన పడి వచ్చారు. ముందు కొబ్బరిబోండం తాగండి."

"ముందు పార్కు చూడాలండి."

"పార్కులోనే తాగుదురుగాని, రండి."

నిజంగానే అదొక నందనవనం. పచ్చటి గడ్డి, పామ్ చెట్లు, మధ్యలో నిండుగా ఓ పొగడ చెట్టు. ఛాతీ ఎత్తులో దాని కొమ్మ రెండుగా చీలి ఉంది. గొడుగు తగిలించుకోమన్నట్టే ఉంటే తగిలించాను. నాతో వచ్చిన ఆఫీసు గుమస్తా ఫోన్లో ఫొటో తీశాడు.

"దీన్ని మిమూసాప్స్ ఎలెంగి అంటారండి. చాలా నెమ్మదిగా పెరిగే జాతి. ఎప్పుడు వేశారు?" అన్నాను.

వీర్రాజు గారు కొబ్బరిబోండం నా చేతిలో పెట్టారు. "మా నాన్నగారి హయాంలోనండి."

అయ్యా, అంతకుముందు దాళ్వా పంటలో అదే చేలో వరి కోస్తుంటే నేను కాలేజీ బస్సులోంచి రోజూ చూశాను. వరి చేను నడుమ వాళ్ళ నాన్నగారు పొగడ చెట్టు ఎలా పెంచారో, నాకెందుకు కనపడలేదో అడగాలి కదా? అడగలేదు. కొబ్బరిబోండం లేతగా ఉంది. దాని ధ్యాసలో పడి, "చెట్లు నేలలో చక్కగా నాటుకున్నవి. నీడన పది నిమిషములు కూర్చుని స్వయముగా పరిశీలించితిని" అని రాసి సంతకం పెట్టాను. గొడుగు అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాను.

"పార్కు చూశావా?" అంది అక్క.

"చూడ్డమేంటి, సంతకం కూడా పెట్టాను."

అక్క ఆ వారమే పార్కు ఎదురుగా ఉన్న స్థలం రాయించుకుంది.

పది రోజుల తరవాత కాలవ అవతల రెండో లేఅవుట్ చూడ్డానికి వెళ్ళాను. పచ్చటి గడ్డి, పామ్ చెట్లు, మధ్యలో నిండుగా ఓ పొగడ చెట్టు. దాని చీలిన కొమ్మకి నా గొడుగు.

ఇక్కడ పాఠకులు ఎవరైనా ఏం చేస్తారు? అనుమానిస్తారు. నేను ఆనందించాను!

"వీర్రాజు గారూ, నా గొడుగు భద్రంగా తెచ్చి ఉంచారే! ఈ రోజుల్లో ఇంత మర్యాద ఎక్కడుందండి!"

వీర్రాజు గారి ముఖం ఓసారి తెల్లబోయి, మళ్ళీ మామూలైంది. "మీలాంటి పెద్దవాళ్ళ వస్తువు మర్చిపోతామా మేష్టారూ!" అన్నారు. గొడుగు అందుకుంటున్నట్టు గుమస్తా చేత ఫొటో కూడా తీయించుకున్నాను. రెండో సంతకం మొదటిదానికంటే పెద్దగా పెట్టాను.

ఇంటికి రాగానే అక్క అడిగింది. "గొడుగు దొరికిందా? ఎక్కడ?"

"రెండో లేఅవుట్లో."

"మర్చిపోయింది మొదటి దాంట్లో కదరా?"

"అవును. పాపం, పొగడ చెట్టుకి తగిలించి ఉంచారు."

"ఏ పొగడ చెట్టుకి?"

"అదే, కొమ్మ రెండుగా చీలి..." అంటూ నేను ఆగిపోయాను. వేర్ల పాఠం ఏటా రెండు సెక్షన్లకి చెప్పే లెక్చరర్ని. చెట్టు నడవదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆటోలో ఇద్దరం మొదటి లేఅవుట్‌కి పరుగెత్తాం. గడ్డి లేదు, దాన్ని చాపల్లా చుట్టి పట్టుకుపోయారు. చెట్లున్నచోట వరసగా గోతులు. పార్కు జాగా మీద సున్నంతో ప్లాట్లకి గీతలు గీసి ఉన్నాయి. ఓ మూల గోతులు పూడుస్తున్న ఆవిడ నన్ను చూసి తలపాగా సర్దుకుంది.

"గొడుగు అందిందాండి? చెట్లన్నీ కడియం నర్సరీలో అద్దెకి తెచ్చినయ్యండి. కవర్లతోనే పాతి, పైన మట్టి కప్పాం. గొడుగు తీసి దాస్తే దొంగతనం అంటారేమోనని చెట్టుతోపాటే లారీ ఎక్కించామండి. రెండోచోటికీ ఎలాగూ మీరే వస్తారన్నారు."

అక్క ఓ గోతి పక్కన నిలబడి, "నువ్వు చూశానన్నావు కదరా" అంది. అరిచినా బాగుండేది, మెల్లగా అంది. ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. ఆవిడ నమ్మింది పార్కుని కాదు, నన్ను.

మర్నాడు సంఘం సమావేశంలో లేచి నా అభిప్రాయాలు రెండూ వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

సంగతి తెలిసి అక్కడికి వచ్చిన వీర్రాజు గారు కుర్చీలోంచి లేవలేదు. "అదేంటండి! చెట్లు నేలలో చక్కగా నాటుకున్నాయని సాక్షాత్తూ బోటనీ మేష్టారే రాశారు కదా. పార్కు లేదని ఇప్పుడెవరండి అనేది?"

మా చైర్మన్ గారు రిటైరైన ఇంజనీరు, మాట తక్కువ మనిషి. ఫైల్లోంచి రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టారు. చాలాసేపు చూశారు.

"రెండింట్లోనూ ఒకటే చెట్టు. ఒకటే గొడుగు. ఒకరే మేష్టారు" అన్నారు.

నేను గొడుగు బల్ల మీద పెట్టి ఎర్ర దారం చూపించాను. మిగిలిన అయిదుగురు సభ్యులూ నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళారు. చైర్మన్ గారు బాధ్యతల పుస్తకం తెరిచి, నేను తిప్పని పేజీ నాచేత పైకి చదివించారు. "చూచుట యనగా కొలుచుట, త్రవ్వించి చూచుట, ఇరుగుపొరుగువారిని విచారించుట."

రెండు లేఅవుట్ల అనుమతులూ ఆగిపోయాయి. సొంత మొక్కలు నేలలో నాటి, పార్కు జాగా మున్సిపాలిటీకి రాసిచ్చాకే అనుమతి అన్నారు. ఆర్నెల్లు తిరిగేసరికి వీర్రాజు గారు చెప్పినట్టే అంతా చేశారు. మళ్ళీ చూసి రావడానికి శిక్షగా నన్నే పంపారు.

ఈసారి పలుగు తీసుకెళ్ళాను. పక్కన అక్క ఉంది. వీర్రాజు గారు కొబ్బరిబోండం పట్టుకుని నిలబడ్డారు. నేను దాని వంక చూడలేదు.

"మేష్టారూ, అన్నీ పాతినవేనండి."

"చూద్దామండి" అని పొగడ మొక్క మొదలు రెండు చేతులా పట్టుకుని, ఆర్నెల్ల అవమానమంతా కూడగట్టి లాగాను. వేర్లతో సహా ఊడి చేతిలోకొచ్చింది. కవరు లేదు, కుండీ లేదు. తడి మట్టి, పచ్చి వేర్లు.

"ఇది నిజంగానే పాతామండీ!" అని వీర్రాజు గారు లబలబలాడారు.

అక్క కింద పడున్న పలుగు తీసి నా చేతికిచ్చింది. "తవ్వు. మళ్ళీ పాతు. పార్కు ఉందని నేను నమ్ముతున్నాను, ఇంక నువ్వు చూడక్కర్లేదు" అంది.

ఆ పొగడ బతికింది. కాస్త పక్కకి ఒరిగి పెరిగింది. అక్క రోజూ దాని కింద నడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ చెట్టు ఎందుకిలా వంగిందని అడిగితే, "మా తమ్ముడు స్వయంగా పరిశీలించాడండి" అని చెబుతుంది.

కాబట్టి ఏడుగురు సభ్యుల సాక్షిగా, ఆ ఒరిగిన పొగడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ చెట్టునీ కళ్ళతో చూసి నమ్మను, చేత్తో లాగి చూడను. ముందు మా అక్కని పంపిస్తాను. గొడుగు కూడా ఆవిడ దగ్గరే ఉంది.