ఓడ్వార్ పడవకి చలెక్కువ

ఓడ్వార్‌కి ఉన్న వింత ఒక్కటే. తనకెప్పుడూ చలి వెయ్యదు. తన పడవకి మాత్రం తెగ వేస్తుంది!

మనిషి పీపాలా గుండ్రంగా ఉంటాడు. లోఫోటెన్ దీవుల్లో ఫిబ్రవరి అంటే మీసాలు గడ్డకట్టే నెల. అప్పుడు కూడా చొక్కా చేతులు మడిచి, బట్టతల మీద చెమట తుడుచుకుంటూ తిరుగుతాడు. అలాంటివాడు ఆ ఏడు చలి మొదలవుతూనే, ఇద్దరికి మించి పట్టని తన చేపల పడవకి సింగారాలు మొదలుపెట్టాడు. ముందుగా పడవ గది గోడలకి లోపలంతా కంబళ్ళు కొట్టాడు.

"ఏంట్రా అది?" అన్నాడు గట్టు మీద నుంచి బావ ఎయిలర్ట్.

"పడవకి చలేస్తోంది బావా."

ఈ ఎయిలర్ట్, ఓడ్వార్ అక్క గున్వోర్‌కి మొగుడు. నిట్టాడులా పొడుగు, ఎడంచేతి వాటం, నలభై ఏళ్ళు గాలం వేసిన చెయ్యి. కిందటి చలికాలంలో ఆ చేతి వేళ్ళు తెల్లబడి, కొయ్యబారి, పట్టిన గాలం జారిపోయింది. "వెచ్చగా ఉంచుకుంటే వేళ్ళకేం కాదు, చలిగాలి తగలనివ్వకండి" అన్నాడు డాక్టరు. చలిగాలి లేని సముద్రం ఎక్కడ దొరుకుతుంది? పడవ అమ్మేశాడు. ఇక జన్మలో పడవలో కాలు పెట్టనని ఒట్టు కూడా వేశాడు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర దుర్భిణీ పట్టుకుని కూచుని, వచ్చే పోయే పడవలన్నిటికీ వంకలు పెట్టడమే ఉద్యోగం. తిండి సగమైంది. నవ్వు అసలే లేదు.

"ఇలాగే చూస్తుంటే అద్దం అరిగిపోతుందిరా" అని గున్వోర్ తమ్ముడి దగ్గర వాపోయింది.

ఇక్కడ ఓడ్వార్ పడవలోకి డీజిల్ పొయ్యి వచ్చింది. ఇంజన్లో కాగిన నీళ్ళు పారేలా నేల మీద రాగి గొట్టం వచ్చింది. గాలం వేసే చోట మూడు వైపులా గాలి రాకుండా అద్దాల గూడు వచ్చింది. ఊరంతా పడీ పడీ నవ్వింది.

"ఏం ఓడ్వార్, పడవకి జలుబు తగ్గిందా?"

"జలుబు తగ్గింది. దగ్గు మిగిలింది."

ఒకరోజు టేపు పట్టుకుని అక్క ఇంటికొచ్చి, బావ మోకాలి నుంచి మడమ దాకా కొలిచాడు.

"నా కాళ్ళెందుకురా?"

"పడవలోకి కుర్చీ చేస్తున్నా."

"కూచునేది నువ్వు కదరా!"

"నా మోకాళ్ళు నాకు కనపడి ఇరవయ్యేళ్ళయింది బావా. ఎలా కొలవమంటావ్?"

కాడ్ చేపల వేట మొదలయ్యే రోజు వచ్చింది. పొద్దున్నే కిటికీలోంచి చూస్తున్న ఎయిలర్ట్‌కి గుండె ఆగినంత పనైంది. ఓడ్వార్ వీపు సంచి తగిలించుకుని రేవులో నడుస్తున్నాడు! ఆ ఊళ్ళో పడవలోకి ఏదైనా తీసుకెళ్ళచ్చు, వీపు సంచి మాత్రం తీసుకెళ్ళకూడదు. తీసుకెళితే ఆ ఏడంతా చేపలు మొహం చాటేస్తాయి. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి.

"సన్నాసి! కొంప ముంచుతున్నాడు!"

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరుగెత్తాడు ఎయిలర్ట్. ఒట్టూ లేదు గిట్టూ లేదు, ఒక్క గెంతులో పడవలో పడ్డాడు. సంచి లాక్కుని, తలకిందులుగా దులిపి, ఖాళీ సంచిని గట్టు మీదికి విసిరేశాడు. ముందే వచ్చి నిలబడ్డ గున్వోర్ దాన్ని చక్కగా పట్టుకుని, రెండో చేత్తో తాడు విప్పేసింది. పడవ కదిలింది.

"ఒరే, ఆపరా!" అని వంగి చూస్తే, సంచిలోంచి పడ్డవి తన ఉన్ని చేతి తొడుగులు, తన టోపీ, తన పాత సముద్రపు కోటు.

ఓడ్వార్ ఏమీ ఎరగనట్టు అద్దాల గూట్లో గొర్రెతోలు పరిచిన కొత్త కుర్చీ ఎక్కాడు. కాళ్ళు నేలకి జానెడు ఎత్తున వేలాడాయి. ఎయిలర్ట్ నవ్వాపుకోలేకపోయాడు.

"కొలత కూడా రాదేంరా నీకు! లే, దిగు!"

తనే కూచున్నాడు. పాదాలు సరిగ్గా వెచ్చటి రాగి గొట్టం మీద ఆనాయి. తడిసిన చెప్పుల్లోంచి ఆవిరి లేచింది. ఎడంచెయ్యి దానంతటదే ముందుకి సాగితే, గాలం దారం చుట్టే పిడి అక్కడే ఉంది, ఎడంవైపు.

ఎయిలర్ట్ ఆ పిడిని ఒక చుట్టు తిప్పాడు.

"ఇదంతా ఎవరికిరా?"

"చెప్పాను కదా బావా. పడవకి."

ఎయిలర్ట్ తలెత్తి చూశాడు. "పొయ్యి గొట్టం వంకరగా ఉంది."

"రేపు సరిచేస్తాలే."

"నువ్వు ముట్టుకోకు. రేపొచ్చి నేనే చేస్తా."

ఆ రోజంతా వెచ్చటి వేళ్ళతో ఎయిలర్ట్ చేపలు లాగుతూనే ఉన్నాడు. లోపలి వేడికి ఆగలేక ఓడ్వార్ బయట చొక్కాతో నిలబడితే, బట్టతల మీద మంచు పేరుకుంది.

పక్క పడవ నుంచి వైర్‌లెస్‌లో ఎవడో వెటకారమాడాడు. "ఏం ఎయిలర్ట్, వెచ్చగా ఉందా?"

"నాకేం తెలుసు?" అన్నాడు ఎయిలర్ట్, ఇంకో కాడ్ చేపని లోపలికి లాగుతూ. "పడవనడుగు."