భటుడి గొంతు

మా మేనత్త పోయింది. గురజాల నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. చేసింది ఆవిడ పక్కింటి మనిషి. "అక్క అరుగు మీద కూర్చుందమ్మాయ్. కూర్చోగానే నాకు భయమేసింది" అంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా నాకు కొత్తగా తెలిసేదేం లేదు. అత్తను ఎరిగినవాళ్ళెవరైనా ఆవిడ ఊరికే కూర్చోవడం చూస్తే కంగారు పడాల్సిందే.

నరసరావుపేటలో బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉంది. నకరికల్లు దాటేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాను. "కూర్చోండి మేడం, సీటుందిగా" అన్నాడు కండక్టరు. కూర్చుంటే ఏదో ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. ఈ నాలుగు మాటలు రాస్తూ కూడా మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియక తిరిగొచ్చాను. ఆవిడ గుణం నాకు ఇప్పుడు అంటుకున్నట్టుంది.

మీకు ఆవిడ తెలియదు కాబట్టి చెప్తున్నాను. అన్నం నిలబడే తినేది. కంచం అరచేతిలో పెట్టుకుని ఒక ముద్ద వంటింట్లో, ఒక ముద్ద పెరట్లో, ఒక ముద్ద వీధి గుమ్మంలో. టీవీ సీరియల్ని తలుపుకి ఆనుకుని చూసేది, ప్రకటన రాగానే మాయమయ్యేది. పెళ్ళికి వెళ్తే బంతిలో కూర్చోదు, వడ్డించేవాళ్ళ చేతిలో గరిటె లాక్కునేది. "కాసేపు కూర్చో అత్తా" అంటే "కూర్చుంటే కాళ్ళు నన్ను తిడతయ్యే" అనేది. డెబ్భై దాటాక కూడా ఆ కాళ్ళు ఆవిణ్ణి తిట్టడం మానలేదు.

మామయ్య పూర్తిగా వేరు. నెమ్మది మనిషి. మిరప, పత్తి వేసుకుంటూ, వయసులో ఉండగా నాటకాల్లో పద్యాలు పాడేవాడు. అప్పట్లో వాళ్ళ నాటక సమాజం మద్రాసు వెళ్ళి ఒక పెద్ద ప్లేటు ఇచ్చి వచ్చింది. గ్రామఫోను రికార్డును మా వైపు ప్లేటనే అనేవాళ్ళు. అట్ట మీద రాజు వేషం, రాణి వేషం కట్టినవాళ్ళ పేర్లే ఉన్నాయి. రెండో పక్క చివర్లో, రాజుగారి కొడుకు యుద్ధంలో పోయాడన్న కబురు మోసుకుని ఒక భటుడొస్తాడు. ఆ భటుడు నేనే అనేవాడు మామయ్య. అసలు భటుడికి జ్వరం తగిలిందనీ, తనను మైకు ముందుకు తోశారనీ, తడబడకుండా ఒక్కసారికే చెప్పేశాననీ. ఎవరింట్లో శుభకార్యమైనా ఆ కథ వచ్చి తీరేది. కథ వెనకే వంటింట్లోంచి అత్త గొంతూ వచ్చేది. "భటుడా పాడా! మద్రాసులో అందరికీ టీలు మోసుకొచ్చాడు." మేమంతా పగలబడి నవ్వేవాళ్ళం. మామయ్య కూడా నవ్వేవాడు.

విచిత్రమేమిటంటే ఆ ప్లేటు ఇంట్లోనే ఉంది, వేసుకునే మిషను మాత్రం ఎన్నడూ లేదు. సమాజం పెద్ద ఇంట్లో ఒకసారి వేశారట, ఆ రోజు అత్త మిరపకోతలో ఉంది. తర్వాత క్యాసెట్ల కాలం వచ్చింది, అదీ పోయింది. ప్లేటు మాత్రం బీరువా మీద గుడ్డ చుట్టుకుని పడి ఉంది. నేను ఫోన్లో ఎంత వెతికినా ఆ నాటకం ఎక్కడా దొరకలేదు.

మామయ్య పోయిన మూడేళ్ళకు ఒక మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. "ఏమే, ప్లేట్లు తిప్పే మిషను ఇప్పుడు యాడన్నా దొరికిద్దంటావా?" అంది. కుర్రకారు మళ్ళీ కొంటున్నారు, దొరుకుతుందన్నాను. పక్కనే ఉన్న బావ గొంతు వినపడింది. బావ అంటే ఆవిడ కొడుకు, ఊళ్ళోనే నాపరాళ్ళ పాలిష్ యూనిట్ నడుపుతాడు. "అమ్మా, ఆ ప్లేట్లో నాన్న ఉంటే ఏంది, లేకపోతే ఏంది ఇప్పుడు?" అంటున్నాడు.

"నీకేం రా," అంది అత్త. "ఇన్నేళ్ళు పదిమందిలో ఆ మనిషిని అబద్ధాలకోరంది నేను. ఆఖర్న ఆ ముచ్చట చెప్పడమే మానేశాడు. గమనించావా? మానేశాడు. అదే నన్ను తినేస్తంది. నిజంగా టీలు మోసుంటే సరే, పీడా పోయింది. కాదంటే నాకు తెలియాల. ఒక చెవి ఎట్లాగూ పోయింది. రెండోది పొయ్యేలోపల తెలియాల."

అప్పటిదాకా అది మొగుడూ పెళ్ళాల వేళాకోళమనే అనుకున్నాను. ఆవిడ గొంతు విన్నాక మాత్రం వేళాకోళమనిపించలేదు.

మొదట ఫోన్లో చూపించాను. సూట్‌కేసులా మడిచేది, ఎర్రగా ముద్దొచ్చేది ఒకటుంది. "సూట్‌కేసేందే, ఊరికి పోతదా అది?" అని తీసిపారేసింది. చూడకుండా కొనేది లేదని ఇద్దరం విజయవాడ వెళ్ళాం. కొట్టతను ఓపికున్న మనిషి. సూది ఉండే చెయ్యి చూపించి, దాని వెనక తిరిగే చిన్న బరువు చూపించి, "ఇది సరిగ్గా తూచాలమ్మా. సూది తేలికైతే పాట మీద గంతులేస్తుంది, బరువైతే గాడి అరిగిపోతుంది" అని చెప్పాడు. అత్త అప్పటికే పళ్ళేన్ని తిరగలి తిప్పినట్టు చేత్తో తిప్పేస్తోంది. అతను గబుక్కున పట్టుకుని ఇంకో మిషను చూపించాడు. "ఇదైతే పాట అయిపోగానే చెయ్యి దానంతటదే లేచి పక్కకెళ్తుంది. మీరు లేవనక్కర్లేదు."

"అన్నీ అదే చేసుకుంటే ఇంక నేనేం చెయ్యాల?" అంది అత్త. "వద్దు నాయనా. మనిషి లేవాల్సిందే ఇయ్యి."

అదే తీసుకున్నాం. ఫోన్లో పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, దీనికైతే మధ్యలో లేచి ప్లేటు తిరగెయ్యాలి. ఆవిడ కోసమే చేసినట్టుంది. పాట నడిచినంతసేపు కూర్చోవచ్చు, కాళ్ళు తిట్టే లోపల లేవొచ్చు. బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుంటానంది. పెట్టుకున్నాక పిడుగురాళ్ళ వచ్చేలోపల ఎన్నిసార్లు నా ఒళ్ళోకి, నా ఒళ్ళోంచి తన ఒళ్ళోకి మార్చిందో చెప్పలేను.

ఇంటికొచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాం. నేను వీడియో చూస్తూ బెల్టు తగిలించాను, చెయ్యి బిగించాను. బరువు తూచబోతుంటే అత్త ఆపింది. కొత్త మిషను, బొట్టు లేకుండా ఎట్లా? గిన్నెలో పసుపు కలుపుకొచ్చింది. నా చేతికిస్తుందనుకున్నాను. "నేను పెట్టకూడదంటారు. అన్నోళ్ళని రమ్మను" అంటూ తనే వంగింది. దీనికి మొహం ఏదని అటూ ఇటూ చూసి, సూదికి పైన చెయ్యి చివర ఉన్న చప్పటి చోటు కనిపెట్టింది. "ఇదేగా మొహం" అని అక్కడ పసుపు అద్ది, మీద కుంకుమ పెట్టింది. మామయ్య పోయిన ఈ మూడేళ్ళుగా ఏ శుభానికీ తన చెయ్యి ముందుకు చాపనివ్వలేదని కాబోలు, చాలా దట్టంగా పెట్టింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత నేను వెనక బరువు తిప్పుతూ చెయ్యి త్రాసు ముల్లులా గాల్లో నిలిచేదాకా చూసి, కొట్టతను చెప్పిన అంకె దగ్గర ఆపాను.

ఆ రోజే మామయ్య ప్లేటు వేద్దామన్నాను. "కొత్త మిషను మీద చావు కబురు పెడతావా?" అని కోప్పడింది. మామయ్య పాత పెట్టెలో దొరికిన దేవుడి పాటల ప్లేటు వేశాం. గంట కొట్టినట్టు పాడింది. అత్త ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ పక్క మొత్తం అయ్యేదాకా కదల్లేదు. బావ గుమ్మంలోంచి చూసి, "అమ్మ కూర్చుందే!" అన్నాడు నాతో గుసగుసగా. ఆ రోజు ఆ మాట మాకు నవ్వులాటగానే ఉంది.

మంచి రోజు చూసుకుని నన్ను పిలిచేసరికి వారం దాటింది. ప్లేటు వేశాం. మొదటి పక్క యుద్ధం. సూది అక్కడక్కడ ఎగిరింది. రెండో పక్క తిప్పాం. రాజు కొలువులో ఉన్నాడు, దూరంగా మద్దెల మోగింది, భటుడు రావాలి. సూది ఒక్క గెంతు గెంతి చివరకు జారిపోయింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అక్కడే. వెనక బరువు చూశాను, అంకె పెట్టినచోటే ఉంది. అదే సమయానికి రోడ్డు మీద రాళ్ళ లారీ ఒకటి కిటికీలు అదరగొడుతూ వెళ్ళింది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం.

అక్కణ్ణుంచి మొదలైంది. అత్త మిషనును ముందుగదిలోంచి నడింట్లోకి, నడింట్లోంచి వసారాలోకి మార్చింది. బావ యూనిట్ నుంచి మందపాటి నాపరాయి బండ ఒకటి కోయించి తెచ్చాడు, దాని మీద పెట్టారు. అయినా అదే వరస. రోజూ ఫోను. "ఏమే, ఇయ్యాల వసారాలో పెట్టా. భటుడి గుమ్మం దాకా వచ్చింది గానీ లోపలికి రాలా." "మీ మామ తప్పించుకు తిరగతన్నాడే." సూది మీద రూపాయి బిళ్ళ పెడితే ఎగరదని ఎవరో చెప్పారట. బావ పెట్టబోతే చెయ్యి పట్టుకుని లాగేసింది. "ఆయన గొంతు మీద రూపాయి పెడతావంట్రా!" వచ్చే ఆదివారం వస్తాను, ఆ లోపల మార్చకుండా ఉంచమని చెప్పాను. "ఉంచుతాలే, చానా దూరం తిరిగింది పాపం" అంది. అదే ఆఖరి ఫోను. ఆదివారం రాకముందే ఆవిడ అరుగు మీద కూర్చుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలు వెళ్ళిపోయాక, ఇంట్లో నేనూ బావా మిగిలాం. మిషను వసారాలో నాపరాయి మీదే ఉంది, పైన అత్త పాత చీర ముక్క కప్పి ఉంది. దుమ్ము తుడుద్దామని తీశాను. చెయ్యి ఆనుకునే చోటు కింద, మూలన, పసుపు పెచ్చు ఒకటి పడి ఉంది. వేలిగోరంత ఉంటుంది. మధ్యలో కుంకుమ చుక్క. ఎక్కణ్ణుంచి ఊడిందో చూడటానికి సూది పైన ఆనించాను. సరిగ్గా అతికింది.

అప్పుడు అర్థమైంది. నేను బరువు తూచింది తడి పసుపుతో కలిపి. అందుకే ఆ రోజు గంట కొట్టినట్టు పాడింది. వారంలో బొట్టు ఎండి ఊడిపోయింది, సూది తేలికైపోయింది. వెనక అంకె మాత్రం కదలకుండా మమ్మల్ని నమ్మించింది. పాపం, ఏ లారీ తప్పూ లేదు. ఆ సంగతి చెబితే అత్త ఎట్లా నవ్వేదో, ఆ వెంటనే ఎట్లా తిట్టేదో తలుచుకుని అక్కడే ఏడ్చాను. ఒక్క వారం ముందు ఆ పెచ్చు కనపడకూడదా అని ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు.

బరువు మళ్ళీ తూచాను. బావని పిలిచాను. రెండో పక్క వేశాను. రాజు కొలువు, మద్దెల. రోడ్డు మీద లారీ వెళ్ళింది, సూది చలించలేదు. భటుడు వచ్చాడు.

"ప్రభూ, కబురు తెచ్చాను. నోరు రావడం లేదు" అన్నాడు. ఆ చివరి మాట మీద సన్నగా రాగం తీశాడు. అంతే అతని వేషం. పాతికేళ్ళయినా ఉండవేమో ఆ గొంతుకి, లేతగా, కొంచెం బెదురుగా ఉంది.

"నాన్నేనా?" అన్నాడు బావ.

మళ్ళీ వేశాను. నాకు తెలిసిన మామయ్య గొంతు చుట్టలు కాల్చీ కాల్చీ బొంగురుపోయినది. బావ అప్పటికి పుట్టనే లేదు. రాగం తీసిన తీరు ఆయనదే అనిపిస్తుంది, కాదేమో అనీ అనిపిస్తుంది. ఆ వయసు మామయ్య గొంతును చెవిన వేసుకున్న మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. చెప్పగలిగితే ఆవిడే చెప్పాలి. ఇద్దరం ఒకేసారి వంటింటి గుమ్మం వైపు చూశాం.

ప్లేటు అయిపోయింది. సూది చివరి గాడిలో పడి టిక్కు టిక్కుమంటూ తిరుగుతోంది. ఎవరో ఒకరు లేచి ఎత్తాలి. మనిషి లేవాల్సిన మిషనే కావాలని ఏరి తెచ్చుకుంది అత్త. ముక్కాలి పీట ఖాళీగా ఉంది. నేనూ బావా గోడకి ఆనుకుని, ఆ చప్పుడు వింటూ అట్లాగే కూర్చున్నాం.