అమలమ్మ దింపించిన కిటికీ

స్టెల్లా పెరిగింది వన్ టౌన్‌లో, పప్పుల గోడౌన్ వెనక సందులో, ఒకే ఒక్క గదిలో. తండ్రి శౌరయ్య ఆమెకి నాలుగేళ్లప్పుడే పోయాడు. తల్లి అమలమ్మ జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టి కూతుర్ని చదివించింది. పదో తరగతి అయ్యాక స్టెల్లా పాలిటెక్నిక్‌లో చేరి డ్రాయింగు నేర్చుకుంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పదకొండేళ్లు ప్లాన్లు గీసింది. అమలమ్మ చనిపోయిన మరుసటి ఏడు ఆ ఉద్యోగం మానేసి, ఇళ్లకి ఇంటీరియర్ డిజైన్ చేసే పని సొంతంగా మొదలుపెట్టింది. ఇప్పుడామెకి నలభై రెండు.

పని బాగానే సాగేది. వచ్చినవాళ్లు ఫోన్లో బొమ్మలు చూపించి "ఇలా కావాలండీ" అనేవాళ్లు. అలాగే చేసి ఇచ్చేది. తెల్లటి కిచెన్, బూడిదరంగు సోఫా, టీవీ వెనక చెక్క పలకలు, సీలింగులో కనపడకుండా లైట్లు. పటమటలో చేసిన ఇంటి ఫొటో, పోరంకిలో చేసిన ఇంటి ఫొటో పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో ఒక్కోసారి తనకే తెలిసేది కాదు. చేతినిండా పనున్నా ఎందుకో ఉత్సాహం ఉండేది కాదు. కొత్తగా ఏదైనా తోస్తుందేమోనని ఆమె కూడా ఫోన్లో బొమ్మలే తిరగేసేది.

అలాంటి రోజుల్లో సాయిగణేష్ వచ్చాడు. ఆటోనగర్లో అతనికి లేత్ షెడ్డుంది. ఏళ్ల తరబడి అద్దె పోర్షన్లలో కాపురం చేసి, కానూరులో రెండు బెడ్రూముల ఫ్లాటు కొనుక్కున్నాడు. డిజైన్ చూడటానికి వచ్చిన రోజు భార్య సాయిశ్రీనీ, తల్లి రావమ్మనీ వెంట తీసుకొచ్చాడు.

స్టెల్లా లాప్‌టాప్ తెరిచి హాలు బొమ్మ చూపించింది. భార్యాభర్తలిద్దరికీ నచ్చింది. రావమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగుందమ్మా," అంది. "ఇందులో నేనెక్కడ కూర్చోను?"

"ఇదిగో పిన్నిగారూ, సోఫా ఉందిగా."

"దానిమీద కూర్చుంటే నాకు కాళ్లు నేలకందవు తల్లీ."

సాయిగణేష్ నవ్వేశాడు. "అమ్మకి మెల్లగా అదే అలవాటవుతుంది. మీరు కానివ్వండి మేడమ్."

రావమ్మ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. వాళ్లు వెళ్లిపోయాక స్టెల్లా ఆ బొమ్మని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. ఆ మనిషి కూర్చోవడానికి అందులో ఎక్కడా చోటు కనపడలేదు.

రెండ్రోజుల తర్వాత తలుపు పిడులు కొనడానికి వన్ టౌన్ వెళ్లింది. కొనడం అయ్యాక, ఆటో ఎక్కాల్సింది, ఎందుకో పాత సందులోకి నడిచింది. అటుపక్కకి వెళ్లి పన్నెండేళ్లయింది. వాళ్లున్న గది ఇప్పుడు గోనెసంచులు పెట్టుకునే చోటయింది. గుమ్మంలో బసవయ్య అనే పెద్దాయన సంచులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"చిన్నప్పుడు మేమిందులోనే ఉండేవాళ్లమండీ. ఒక్కసారి చూసి వెళ్తాను," అంది.

"చూడమ్మా. దుమ్ము మాత్రం బాగా ఉంటది," అన్నాడాయన, పక్కకి జరిగి.

లోపలికి అడుగుపెట్టేసరికి అంత చిన్న గదా అనిపించింది. ఈ కాస్త చోటులో అమ్మ ఎన్ని గదులు చూపించేదో. పొద్దున స్టవ్ చుట్టూ వంటిల్లు. పదింటికి ఆ సామానంతా మూలకి చేరి, మిషను మధ్యలోకొచ్చి కుట్టుపని గది. సాయంత్రం మిషను తల లోపలికి మడిచేస్తే, ఆ చెక్కే స్టెల్లా చదువుకునే బల్ల. స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి తీగమీద పాత చీర అడ్డం లాగితే అదొక గది. గోడౌన్లవాళ్లు పారేసిన టీపొడి చెక్కపెట్టెల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, ముందు పూలగుడ్డ కట్టి బీరువా చేసింది. స్టెల్లా పుస్తకాలూ, యూనిఫారమూ టీపొడి వాసనేసేవి. బడిలో పక్కపిల్ల "మీకు టీకొట్టుందా?" అనడిగితే ఏడుస్తూ ఇంటికొచ్చింది. అమలమ్మ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, యూనిఫారం వాసన చూసి, "బావుంది కదే, ఊరికే టీ తాగినట్టుంది," అంది. ఏడుస్తున్న పిల్ల నవ్వేసింది.

సంచుల వెనకనుంచి వెలుతురు పడుతోంది. స్టెల్లా అటు వెళ్లి చూస్తే కిటికీ. కింద వెడల్పాటి కడప బండ, నున్నగా అరిగి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదట్లో ఆ కిటికీ ఎత్తుగా ఉండేది. నేలమీద కూర్చుని గుండీలు కుడుతుంటే అమ్మకి వెలుతురు చాలేది కాదు. ఇంటివాళ్లని ఎన్నిసార్లో అడిగి ఒప్పించింది. మేస్త్రి వచ్చిన రోజు కిటికీ పక్కన గోడకానుకుని కూర్చుని, ఏడేళ్ల కూతురి చేతికి బట్టలమీద గీసే సుద్ద ఇచ్చింది. "నా భుజం ఎక్కడికొచ్చిందో చూసి గోడమీద గీత గియ్యవే," అంది. స్టెల్లా నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా గీసింది. మేస్త్రి ఆ గీతదాకా అయిదు వరసల ఇటుకలు తీసేసి, బండ పరిచాడు.

బ్యాగులోంచి టేపు తీసి కొలిచింది. నేలనుంచి ఇరవై అంగుళాలు. ఆఫీసులో పదకొండేళ్లపాటు ఆమె గీసిన కిటికీలన్నీ నేలనుంచి మూడడుగుల ఎత్తులోవి. ఆ మూడడుగులు ఎవరికి సరిపోతాయని ఏ రోజూ అడిగింది లేదు. అంకెలు మసకబారితే టేపు చుట్టేసి కళ్లు తుడుచుకుంది.

"అంత కిందికి ఎవరు పెట్టించారో గానీ," అన్నాడు బసవయ్య గుమ్మంలోంచి, "మధ్యాన్నం మా అన్నాలు ఆ బండమీదే. గాలి బాగా వస్తది."

"మా అమ్మ పెట్టించిందండీ," అంది స్టెల్లా.

మర్నాడు సాయిగణేష్‌కి ఫోన్ చేసి, రావమ్మని ఖాళీ ఫ్లాటుకి తీసుకురమ్మంది. ఈసారి లాప్‌టాప్ తెరవలేదు.

"పిన్నిగారూ, మీ ఇష్టమొచ్చిన చోట కూర్చోండి."

రావమ్మ నమ్మలేనట్టు కొడుకువైపు చూసింది. తర్వాత గదులన్నీ తిరిగింది. వంటింట్లో కూర్చుని లేచింది, బెడ్రూములో కూర్చుని లేచింది. చివరికి హాల్లో బాల్కనీ తలుపు పక్క గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, "ఇక్కడ హాయిగా ఉందమ్మా," అంది. అక్కణ్ణుంచి వంటింట్లో కోడలూ కనపడుతుంది, వీధిలో వచ్చేపోయేవాళ్లూ కనపడతారు.

"అక్కడ టీవీ కదా మేడమ్," అన్నాడు సాయిగణేష్.

"టీవీ ఎదురు గోడకి పెడదాం. లేచి అటు కూర్చోమంటే టీవీ ఏమీ అనుకోదు."

అతను నవ్వి, తల్లి ముఖం చూసి సరేనన్నాడు. ఆ గోడ పొడుగునా, రావమ్మ కాళ్లు నేలకానేలా పన్నెండంగుళాల ఎత్తులో వెడల్పాటి చెక్క అరుగు గీసింది స్టెల్లా. కింద కత్తిపీటకీ, చేటకీ సొరుగులు. దానికి ఇనప కాళ్లు తన షెడ్డులో తనే చేస్తానన్నాడు సాయిగణేష్. చేసి, స్వయంగా భుజానవేసుకుని మూడంతస్తులు మోసుకొచ్చాడు.

గృహప్రవేశమైన ఆర్నెల్లకి స్టెల్లా చూడ్డానికి వెళ్లింది. అరుగుమీద రావమ్మ, కిందింటి వెంకటరత్నమ్మ గోంగూర ఆకు తుంచుతున్నారు. ఒక చివర మనవరాలి పుస్తకాలు, ఇంకో చివర మడతపెట్టని బట్టలు. స్టెల్లా గీసినంత శుభ్రంగా ఏమీ లేదు. ఆమె గుమ్మంలోనే నిలబడి కాసేపలా చూసింది.

"రా తల్లీ, నీతోనే పనుంది," అంది రావమ్మ. "ఈ సొరుగు వానలకి ఉబ్బి బిగుసుకుపోయింది. రోజూ నాకిదే కుస్తీ."

"రేపు కార్పెంటర్ని పంపిస్తాను పిన్నిగారూ."

"అలాగే మా ఇల్లూ ఒకసారి చూడమ్మా," అంది వెంకటరత్నమ్మ. "మావారి దగ్గర కొన్ని ఫొటోలున్నాయి. తెమ్మంటావా?"

"ఫొటోలు తర్వాత చూద్దామండీ," అంది స్టెల్లా చెప్పులు విడుస్తూ. "ముందు పొద్దున లేచి కాఫీ ఎక్కడ కూర్చుని తాగుతారో చెప్పండి."

వెంకటరత్నమ్మ చేతిలో గోంగూర కట్ట పట్టుకుని ఆలోచనలో పడింది. రావమ్మ కాస్త జరిగి, స్టెల్లాకి చోటిచ్చింది.