హజరత్తయ్య దాచుకున్న దిబ్బ

మా ఆఫీసు వాళ్ల రిపోర్టులో హజరత్తయ్య పేరు లేదు. బోటు నంబరు మాత్రం ఉంది. అది చూసి ఒళ్లు మండి, ఆయన గురించి నేనే రాస్తున్నాను.

వాకాడు దగ్గరి ఒక చిన్న రేవు ఆయనది. అరవై దాటాయి. కోపం ముక్కు మీద, బెల్లం గుండెలో. సముద్రం అడుగున ఏముందో పటం గీసే ఉద్యోగం నాది. పన్నెండు రోజులు ఆయన బోటులోనే తిరిగాను. ఎక్కడ చూసినా బురదే. అడుగున ఎక్కడో ఉండాల్సిన పాత ఇసుక దిబ్బ దొరక్కపోతే నా రెండేళ్ల పని నీళ్లపాలు.

దిబ్బ ఎక్కడుందో హజరత్తయ్యకు తెలుసు. అది వాళ్ల నాయన చూపించిన చేపల చోటు. అలాంటి చోట్ల గురుతులు ఆ రేవులో సొంత బామ్మర్దికి కూడా చెప్పరు. అయినా పన్నెండో రోజు నా మొహం చూడలేక, "రేప్పొద్దున చూపిస్తాలే మా" అన్నాడు.

మర్నాడు దారిలో నా నోరు ఊరుకుందా? పాఠం మొదలుపెట్టాను.

"పెదనాయనా, వేల ఏళ్ల కిందట బోలెడన్ని నీళ్లు నేల మీద మంచుగా గడ్డకట్టి, సముద్రం చాలా కిందికి ఉండేది. ఒడ్డు అక్కడెక్కడో ఉండేది. మంచు కరిగి సముద్రం లేచేకొద్దీ అలలు ఒడ్డుని కోసుకుంటూ ఇటు వచ్చినాయి. సన్న మన్ను కొట్టుకుపోయింది. ముతక ఇసుక కొంత అక్కడే కుప్పపడి మునిగిపోయింది. మీ దిబ్బ అట్లాంటి పాత ఒడ్డే అనుకుంటున్నా."

"మా పాత పల్లె మాదిరే. నా చిన్నప్పటి బాయి ఇప్పుడు అలల్లో ఉండాది," అన్నాడు. చుక్కాని సర్దుతూ అడిగాడు. "ఎవురన్నా తవ్వుకోని పోతే మళ్లా వస్తాదా?"

"రాదు. ఇప్పుడు ఏరు తెచ్చే ఇసుక అంత దూరం పోదు."

"నీ పటం చూసి తవ్వరు గదా?"

పటం బయటికి పోయాక ఎవరేం చేస్తారో నా చేతిలో లేదు. ఆయన తలగుడ్డ విప్పి బోటులోని జీపీఎస్ మీద కప్పేశాడు.

"చూపిస్తానన్న మాట తప్పను. అంకెలు మాత్రం వద్దు మా."

చోటు తెలియని ఇసుక పటానికి ఎందుకూ పనికిరాదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. కానీ నా సంచిలో ఫోను ఉంది. బయల్దేరినప్పటి నుంచి అదీ జీపీఎస్‌తో దారంతా రాసుకుంటూ, మధ్యమధ్య కూత వేస్తోంది. ఇంజను మోతలో ఆయనకు వినపడదులే అని కిక్కురుమనకుండా కూర్చున్నాను.

ఒడ్డున సెల్ టవరు, ఒక తాటిచెట్టు ఒకే వరసలోకి వచ్చాక హజరత్తయ్య ఇంజను ఆపాడు. సీసపు గుండు అడుగున ఉన్న గుంటలో ఒంటిసబ్బు మెత్తగా అద్ది, తాడు వదిలాడు. పదకొండు బారల లోతు. పైకి లాగితే సబ్బుకి ముతక ఇసుక అంటుకుని ఉంది, దాంతోపాటు ఒక గవ్వ. ఏరు సముద్రంలో కలిసే చోట తప్ప బతకని రకం. ఒకప్పుడు అక్కడ ఒడ్డు ఉండేదనడానికి అంతకన్నా ఏం కావాలి? ఆయన దాన్ని గోటితో తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఇదిగో మా, నీ ఒడ్డు."

రేవుకి వచ్చాక నా సంచి ఆయనే భుజాన వేసుకుని దింపాడు. ఇక దాచలేకపోయాను.

"పెదనాయనా, ఆ సంచిలో ఫోను..."

"తెలుసులే మా. దారిపొడుగునా కూస్తానే ఉండె."

"మరి దాన్ని కూడా కప్పలేదే?"

"అది నీది గదా."

ఫోను తీసి, అది రాసుకున్న దారంతా ఆయన కళ్ల ముందే చెరిపేశాను. పటంలో ఆ గడి ఖాళీగానే ఉంది. మా పెద్దసారు నరేంద్రబాబు గారు ఇప్పటికీ దెప్పుతుంటారు. గవ్వ నా బల్ల మీద ఉంది. కడగలేదు. ఇంకా సబ్బు వాసన వస్తుంది.