అమ్మమ్మ వేషంలో పులి, ఆగని ట్రాక్

2007. ఖతార్‌లో గ్యాసూ చమురూ మంచి ఊపు మీదున్న రోజులు. దోహాకు ఉత్తరాన అల్ ఖోర్‌లో ఉద్యోగుల కుటుంబాల కోసం కట్టిన కాలనీ, అందులో ఒక క్లబ్బు, ఆ క్లబ్బులో ఒక మంచి హాలు. ఆ హాల్లో నేను సౌండ్ ఆపరేటర్‌ని. మాది నిజామాబాద్ జిల్లా. మా అమ్మ ఊళ్లో అడిగినవాళ్లందరికీ "మా గంగాధర్ దుబాయ్‌ల మైకులు వెడ్తడు" అని చెప్పేది. నేనున్నది దుబాయ్ కాదని, పెట్టేది ఒట్టి మైకులే కాదని చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాను. నా పనిలో నాకు తిరుగులేదని మాత్రం అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటాను.

ఆ చలికాలం చైనా నుంచి ఒక పిల్లల నాటక బృందం వచ్చింది. మొదటి ఆట మా హాల్లో. అది బాగుంటే అల్ వక్రా అనే ఊళ్లో, దోహాలో మిగతావి, వాటికీ సౌండ్ నాదే. పిల్లలు కుదురుగా కూర్చోకపోతే అన్నీ రద్దు చేసి బృందాన్ని వెనక్కి పంపేస్తామని ఏర్పాట్లు చేసే కంపెనీవాళ్లు ముందే చెప్పేశారు.

కథ వాళ్ల దేశంలో తరతరాలుగా చెప్పుకునేది. తల్లి పొరుగూరు వెళ్తుంది. ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరే ఉంటారు. ఒక ఆడపులి వాళ్ల అమ్మమ్మ వేషం వేసుకొచ్చి తలుపు తడుతుంది. ఆ పులి వేషం లియు గారిది. అరవై దాటిన మనిషి, చూస్తే పిడికెడంత ఉంటారు. చిన్నప్పుడు ఇదే నాటకాన్ని ముందు వరసలో కూర్చుని చూశారట. తర్వాత చెల్లెలి వేషం వేశారట, ఆ తర్వాత పులి. "మా ఊళ్లో ఇప్పుడు మనవల్ని తీసుకొచ్చే అమ్మమ్మలంతా అప్పట్లో ఇది చూసినవాళ్లే. వాళ్లు అరిచిన చోటే వీళ్లూ అరుస్తారు" అని తనకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో చెప్పారు. చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఆ కంపెనీ మేనేజర్ సుధాకర్ గారిది కాకినాడ వైపు. ఆయన భయం ఆయనది. "చైనా భాష ఇక్కడ ఎవరికొచ్చు గంగాధర్? పది నిమిషాల్లో పిల్లలు లేచి వెళ్ళిపోతారు. ఇంగ్లీషు ఉండాల్సిందే" అన్నారు. ఖతార్‌లో అది అందరికీ ఉన్న అలవాటే. పదిమంది చేరితే పది భాషలు. అందుకని దేనికైనా పైన ఇంగ్లీషు పూసేస్తే పని అయిపోయిందనుకుంటాం. నాటకం మొత్తానికీ ఇంగ్లీషు మాటలు రికార్డు చేయించి తెచ్చారాయన. దీన్ని మేం ట్రాక్ అంటాం. స్టేజీ మీదున్నవాళ్లు నోరు మెదపకుండా దానికి తగ్గట్టు అభినయించాలి. ఒకసారి మొదలుపెడితే అది తన దారిన తాను పోతుంది, ఎవరి కోసమూ ఆగదు.

మధ్యాహ్నం ఖాళీ హాల్లో రిహార్సల్ నడిచింది. లియు గారు ట్రాక్‌తో సమానంగా చకచకా చేసుకుపోయారు, ఎక్కడా తేడా రాలేదు. టీ తాగుతూ అడిగాను, "మేడమ్, మామూలుగా తలుపు దగ్గర ఎంతసేపు ఆగుతారు?" అని.

"నాకేం తెలుసు? పిల్లల్ని అడగాలి" అని నవ్వారు.

నాకు చప్పున వెలిగింది. వెళ్లి సుధాకర్ గారికి చెప్పాను. "సార్, ఈ ట్రాక్ ఆగదు గదా. పిల్లలు నడుమ మాట్లాడితె ఎట్ల?"

"నాటకంలో పిల్లలు మాట్లాడటమేంటయ్యా? కూర్చుని చూస్తారు, అంతే" అని ఆయన కొట్టిపారేశారు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పులి తలుపు తట్టింది. "నేను మీ అమ్మమ్మను, తలుపు తీయండి" అని ట్రాక్ పలికింది. ముందు వరసల్లో నలుగురైదుగురు పిల్లలు వద్దు వద్దని లేచారు. ట్రాక్ వాళ్లను పట్టించుకోకుండా తర్వాతి మాటకు వెళ్లిపోయింది. లియు గారు ప్రేక్షకుల వైపు తిరగబోయి, మాట దాటిపోతుందని మళ్లీ తలుపు వైపు పరిగెత్తారు. పులి రెండోసారి తట్టినప్పుడు అరిచినవాళ్లు ఇద్దరే. మూడోసారి ఎవరూ లేరు. చిప్స్ ప్యాకెట్ల చప్పుడు మొదలైంది. ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని బయటికి నడిచింది. ఇన్నేళ్లు బతికిన నాటకం నా చేతుల మీదుగా చచ్చిపోతోంది!

హెడ్‌సెట్‌లో సుధాకర్ గారి గొంతు వినిపించింది: "వాల్యూమ్ పెంచు గంగాధర్, పిల్లలకి వినపడట్లేదు."

ఫేడర్ అని ఒక మీట ఉంటుంది, పైకి నెడితే శబ్దం పెరుగుతుంది, కిందికి లాగితే పోతుంది. నేను దాన్ని అడుగుదాకా లాగేశాను.

హాలంతా నిశ్శబ్దం. లియు గారు ఒక్క క్షణం హాలు వెనక నేను కూర్చున్న బూత్ వైపు చూశారు. గోళ్లతో తలుపును నెమ్మదిగా గీరారు. ఆగారు. మళ్లీ గీరారు.

"తియ్యొద్దు! అది పులీ!" అని తెలుగులో ఒక గొంతు. ఆ వెంటనే "మత్ ఖోలో", "లా, లా", "వేండా" అని హిందీలో, అరబ్బీలో, మలయాళంలో నాలుగు మూలల నుంచీ. పులి పిల్లల వైపు తిరిగి చైనా భాషలో ఏదో అడిగింది. ఏమడిగిందో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. కాదు కాదని అందరూ అరిచారు. వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఇంకా అరిచారు. వాళ్లు అలిసిపోయేదాకా హాయిగా ఆగింది. గౌను కింద నుంచి తోక బయటపడ్డప్పుడు చూడాలి, పిల్లలు కుర్చీలెక్కేశారు! పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్లిపోయినావిడ కూడా తిరిగొచ్చింది.

ఆట అయ్యాక స్టేజీ వెనక సుధాకర్ గారు నన్ను పట్టుకున్నారు. "ఎవర్నడిగి ట్రాక్ తీశావు? రేపు ఏదన్నా అయితే నేనేం చెప్పాలి పైవాళ్లకి?"

"ఎవర్ని అడుగలే సార్. తప్పయితె నన్ను పంపుండ్రి. ఆమెను పంపకుండ్రి" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుండగా వేషం తీసేసి, ముఖం కడుక్కుని లియు గారు వచ్చారు. సుధాకర్ గారి చేయి పట్టుకుని నిలబడ్డ ఆయన కూతురు, ఆరేళ్ల సాహితి, గబుక్కున వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, లోపలికి వెళ్ళకండి. అక్కడ పులుంది. అచ్చం మీలాగే మాట్లాడుతుంది, నమ్మకండి!" అంది. ఆ పిల్ల గొంతు అరిచి అరిచి బొంగురుపోయి ఉంది.

లియు గారు అర్థం కాక మా ముఖాలు చూశారు. సుధాకర్ గారే ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. ఆవిడ నవ్వలేదు. భయంగా వెనక్కి తిరిగి చూసి, సాహితి చెయ్యి గట్టిగా పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయారు.

సుధాకర్ గారు ఆ తలుపు వైపు చూసి, నా వైపు తిరిగారు. "అల్ వక్రాకి ఆ ట్రాక్ తీసుకురాకు" అని మాత్రం అన్నారు.

ఆ కథ ఇన్ని తరాలు ఎలా నిలిచిందో నాకు ఆ రోజే అర్థమైంది. అందులో సగం పని పిల్లలకు వదిలిపెట్టారు. ఆ పని వాళ్ల నుంచి ఎవరూ లాక్కోకుండా కాపలా కాయడం కూడా సౌండ్ ఆపరేటర్ డ్యూటీయేనని నేర్చుకున్నాను. అల్ వక్రాలో పులి తలుపు తట్టగానే నేను రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. హాలు దద్దరిల్లిపోయింది.