రాయి దగ్గర పిలిచిన పేరు

2009లో మా అమ్మాయి సహస్ర టెక్సాస్‌లోని కాపెల్‌లో నాలుగో తరగతి చదువుతుండగా క్లాసులో ఒకప్పటి ఉత్తర ఐరోపా ఓడ యోధులైన వైకింగ్‌ల పాఠం మొదలైంది. భోజనాల దగ్గర రోజూ అవే కబుర్లు. వాళ్ళు దోపిడీలే కాదు, వ్యవసాయమూ చేసేవాళ్ళట. పొడవాటి ఇంట్లో పొయ్యి చుట్టూ అందరూ కలిసి పడుకునేవాళ్ళట. ఓడిన్ అనే దేవుడికి రెండు కాకులు లోకమంతా తిరిగొచ్చి చెవిలో వార్తలు చెప్పేవట. ఒక సాయంత్రం చారన్నం కలుపుకుంటూ అడిగింది: "చచ్చిపోయినవాళ్ళని బోట్‌లో పెట్టేవాళ్ళట. మన తమ్ముడికి బోట్ ఇచ్చామా అమ్మా?"

ఆ ఏడాది వేసవి సెలవుల్లో నాకు ఏడో నెలలోనే బాబు పుట్టాడు. ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. సహస్ర ప్రశ్న వినగానే మా ఆయన రవి కంచం వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. కానీ శుక్రవారం తనే అన్నాడు, "ఓక్లహోమాలో హెవనర్ దగ్గర వైకింగ్ అక్షరాలున్న రాయి ఉందట. రేపు డ్రైవ్ చేద్దాం."

పొద్దున్నే బయల్దేరి హైవే 75 మీద ఉత్తరానికి వెళ్ళాం. మెకలెస్టర్‌లో కాఫీ తాగి, 270 ఎక్కి తూర్పుకి తిరిగాం. మొత్తం నాలుగున్నర గంటలు పట్టింది. కొండలు మొదలయ్యాక పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే, రాయి ఉన్న పార్కు బోర్డు కూడా దగ్గరికి వెళ్తేగానీ కనిపించలేదు. మేం వెళ్ళినప్పుడు టికెట్ లేదు. పార్కింగ్‌లో మా కారు ఒక్కటే.

ఆఫీసులో ఉన్న పెద్దావిడని సహస్ర అడిగింది, "ఇది రియల్‌గా వైకింగ్స్ రాసిందేనా?"

"చాలామంది పండితులు కాదంటారు తల్లీ. తర్వాతెప్పుడో ఇక్కడికి వలస వచ్చినవాళ్ళు చెక్కి ఉంటారంటారు. నాకు తెలీదు. ఇలాంటి రోజున మాత్రం నేను కింద ఆ రాయి దగ్గర గట్టిగా మాట్లాడను," అందావిడ.

తడి మెట్లు దిగి లోయలోకి వెళ్ళాం. మా అడుగుల చప్పుడు కూడా మాకు వినిపించలేదు. రాయి మనిషికి రెండింతల ఎత్తుంది. దానిమీద ఎనిమిది అక్షరాలు, ఎవరో గోళ్ళతో గీరినట్టు. పైన ఎక్కడో కాకి ఒక్కసారి అరిచి ఊరుకుంది. సహస్ర నా చెయ్యి వదిలి రెండడుగులు ముందుకెళ్ళి, "తమ్ముడూ!" అని అరిచింది.

చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత అవతలి గట్టు నుంచి ఆ పిలుపు తిరిగొచ్చింది. కానీ సన్నగా, ఇంకా చిన్న పిల్లాడెవరో అన్నట్టుగా. సహస్ర చెయ్యి మళ్ళీ పట్టుకుని, "పద, పోదాం," అన్నాను.

రవి కదల్లేదు. అరచేతులు నోటికి అడ్డంపెట్టి, గొంతు పగిలేలా పిలిచాడు: "విహాన్!"

మేమిద్దరం అనుకుని, ఎవరికీ చెప్పని పేరు. సహస్ర అది వినడం అదే మొదటిసారి. ముగ్గురం ఎదురుచూశాం. లోయ తిరిగి పలకలేదు. మంచు అలాగే నిలబడి ఉంది.

"విన్నాడు నాన్నా. అందుకే వెనక్కి రాలేదు," అంది సహస్ర. రవి తడి నేలమీదే కూలబడి ఏడ్చాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక తను ఏడవడం నేను చూసింది అప్పుడే.

అది గాలి చేసిన పనో, మంచు చేసిన పనో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఆ రాయి ఎవరు చెక్కినా, ఎవరి పేరో చెరిగిపోకూడదనే చెక్కి ఉంటారు. ఇప్పుడు మా ఇంట్లో విహాన్ పేరు మామూలుగానే వినిపిస్తుంది. మీరు వెళ్తే పట్టున్న బూట్లు వేసుకోండి, మెట్లు బాగా జారతాయి. మంచు పట్టి ఉంటే కారులోంచే వెనక్కి తిరిగిపోకండి.